అనెడువాఁడా, అనెడివాఁడా?

సైదాబాద్ సభ్యుడు: నిన్న రాత్రి నుంచి పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం పద్యంలో ఒక పాదం నన్ను వదలడం లేదు. ఇంట్లోని మూడు లినక్స్ కంప్యూటర్ల నుంచి పక్క గదిలోని పాత కంప్యూటరుకు రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే ఫైళ్ల నకలు ప్రోగ్రాంతో, ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన అనుసంధానం మీదుగా బ్యాకప్ జరుగుతుంది. ఆరు నెలల్లో ఒక్క దోష సందేశం లేదు. నిన్న నాన్నగారి ఉత్తరాల స్కాన్లు వెతికితే రెండు చోట్లా లేవు. మూలంలో ఎప్పుడో పొరపాటున తుడిచేశాను; ఆదేశంలో డిలీట్ (మూలంలో లేనివాటిని ప్రతిలోనూ తీసేసే ఎంపిక) ఉంది కాబట్టి అక్కడా పోయాయి. ‘కలఁడు కలండనెడివాఁడు’ అని నోటికొచ్చింది. అనెడినా, అనెడునా? ‘ఉన్నానని చెప్పుకొనేవాడు’ అనా, ‘ఉన్నాడని లోకం చెప్పేవాడు’ అనా?

నల్లకుంట మాస్టారు: అనెడు. సుల్తాన్‌బజారు భాషానిలయంలో నేను చదివిన ప్రతిలో ‘గలఁడు కలం డనెడువాఁడు గలఁడో లేఁడో’ అనే ఉంది. పాదం మొదట గకారమే ఉండాలి. ముందున్న ‘దిశలను’ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసేది; దాని తర్వాతి కకారం గకారమవుతుంది కదా.

కూకట్‌పల్లి సభ్యురాలు: మాస్టారూ, ఛందస్సు మీ పక్షాన లేదు. కందం నాలుగో పాదంలో మూడో గణం ‘డువాఁడు’, జగణం (లఘువు, గురువు, లఘువు). ‘డివాఁడు’ అన్నా జగణమే. యతి, ప్రాస రెండూ ఆ అక్షరాన్ని తాకవు. నాకు చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పింది ‘అనెడి’.

సైదాబాద్ సభ్యుడు: నాకు అర్థమే ముఖ్యం. పని ముగిశాక ఆర్‌సింక్ దోషం లేదనే సున్నా సంకేతం ఇచ్చి, అంతా బాగుందని తనే చెప్పింది. గజేంద్రుడి అనుమానం కూడా అలాంటి వాడి మీదే అని నా వాదన.

నల్లకుంట మాస్టారు: ఒప్పుకోను నాయనా. పై మూడు పాదాల్లో ‘కలఁ డందురు’ మూడుసార్లు వచ్చింది. అనేది లోకమే. ‘రాముఁడనెడు రాజు’ అంటే తన పేరు తాను చెప్పుకొనే రాజు అనా?

పద్మారావునగర్ సభ్యుడు: పోతన దగ్గరికి వచ్చాం కనుక అడుగుతున్నాను. భాగవతంలో కొన్ని భాగాలు శిథిలమయ్యాయన్న ఐతిహ్యం ఎలా ఉన్నా, అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, పదకొండు, పన్నెండు నారయ రాశారు. గంగనను తక్కువ చేయడం లేదు, కానీ ఆ స్కంధాలు పోతన గొంతులో ఎలా ఉండేవోనని ఇప్పటికీ బాధ కలుగుతుంది. రెండో ప్రతి ఎక్కడైనా ఉండి ఉంటే!

కూకట్‌పల్లి సభ్యురాలు: అయిదో స్కంధంలో గంగన పద్యాలు నాకు చాలా ఇష్టం, ఆ మాట వేరే చర్చలో. అన్నయ్యా, మీరు పెట్టుకున్నది బ్యాకప్ కాదు, అద్దం. డిలీట్ ఉంటే మూలంలో పోయినది ప్రతిలోనూ పోతుంది. లింక్‌డెస్ట్ (పాత ప్రతితో పోల్చి చూసే ఎంపిక) ఇచ్చి రోజుకో ఫోల్డరు పెట్టుకోండి. మారని ఫైళ్లు హార్డ్ లింకులుగా, అంటే ఉన్న ఫైలుకే ఇంకో పేరుగా ఉంటాయి, డిస్కులో మళ్లీ చోటు తీసుకోవు. అసలు అనెడు, అనెడి రెండూ మనదాకా వచ్చాయంటే ఒక లేఖకుడి ప్రతిని ఇంకొకరు దిద్ది చెరిపేయలేదు కాబట్టే. పాఠభేదం మిగలాలంటే పాత ప్రతి మిగలాలి.

నల్లకుంట మాస్టారు: బాగా చెప్పావమ్మా. అయినా అనెడు.

పద్మారావునగర్ సభ్యుడు: మీ ఆదేశంలో మూలం పేరు చివర ఏటవాలు గీత ఉందా? గీత ఉంటే లోపలి ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, లేకుంటే ఫోల్డరు పేరుతో సహా వెళ్తుంది. మొదట గీత పెట్టి తర్వాత తీసేసి ఉంటే, డిలీట్ ఆ కొత్త ఫోల్డరు లోపలే పనిచేస్తుంది. పాత ఫైళ్లు దాని పైన అలాగే ఉండాలి.

సైదాబాద్ సభ్యుడు: శ్రావణంలో ఆదేశం మార్చిన గుర్తు ఉంది. గీత సంగతి గుర్తు లేదు. ఇప్పుడే వెళ్లి చూస్తాను. మాస్టారూ, ‘అందురు’ మూడుసార్లు వచ్చాక నాలుగోసారి ‘అనెడు’కు ఎందుకు మారింది? దానికి మీరింకా జవాబు చెప్పలేదు.