మిరాసీ: పొలమా, గుడి కొలువా?

ప్రశ్న: పెరంబూరులో మా ఇంటి యజమాని తమ తాతగారు మిరాసుదారు అని గొప్పగా చెప్పుకుంటారు. తిరుపతిలోని మా బంధువులు అర్చక మిరాసీ అంటారు. ఒకరిది పొలం, ఇంకొకరిది గుడి. రెండూ ఒకే మాటేనా? ఎక్కడిదండీ ఇది?

జవాబు: ఒకటేనండీ. పొలమైనా, గుడి కొలువైనా తరతరాలుగా ఒకే ఇంటికి దక్కే హక్కు మిరాసీ. అరబ్బీలో ‘మీరాస్’ అంటే వారసత్వంగా వచ్చే సొత్తు. అదే ధాతువు నుంచి పుట్టిన ‘వారిస్’ మన దగ్గర డు ప్రత్యయం తగిలించుకుని వారసుడైంది. మిరాసీ, వారసుడు ఒక తల్లి బిడ్డలన్నమాట. మాన్యం వేరు. అది, మూలార్థంలో, ఎవరో మన్నించి, అంటే గౌరవించి ఇచ్చినది.

తమిళంలో ఈ భూమి హక్కుకు ‘కాణియాట్చి’ అనే సొంత మాట ఉంది. చెన్నై చుట్టుపక్కల మిరాసీ ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ప్రభుత్వం వేసిన 17 ప్రశ్నలకు మద్రాసు కలెక్టరు ఎల్లిస్ రాసిన జవాబులు 1818లో అచ్చయ్యాయి. ఎల్లిస్ మనకు కావలసినవాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణంలో వాదించి చూపినది ఆయనే.

ఇక నన్ను నిలవనీయని మాట ఇంకొకటి ఉంది: స్వతంత్రం. ఈ సీమలో మిరాసీదారులు పంటలో అందుకునే రుసుములను ‘స్వతంత్రం’ అనేవారు! తనదైన హక్కు అన్న అర్థంలో. తమిళంలో అదే మాట ‘సుదందరం’; తమిళ బైబిలులో వారసుణ్ని ఇప్పటికీ ‘సుదందరవాళి’ అంటారు. మన తెలుగు బైబిలులో సాత్వికులు భూలోకమును ‘స్వతంత్రించుకొందురు’ అని ఉంది కదా, వారసులుగా పొందుతారని అర్థం. అరబ్బీ మాట, సంస్కృత మాట ఒకే పొలం గట్టు మీద ఒకే పని చేశాయి.

మరో సభ్యురాలు: అయితే ‘ప్రివిలేజ్’ అనే మాటకు మిరాసీ వాడుకోవచ్చా అన్నయ్యా? పత్రికల్లో విశేషాధికారం అని చూశాను.

జవాబు: శాసనసభ విషయంలో సభాహక్కులు అన్నది స్థిరపడింది, దాన్ని కదపనక్కరలేదమ్మా. పుట్టుకతో అబ్బే ఆధిక్యానికి మాత్రం నేను మిరాసీనే కోరుతాను. ఎందుకంటే ఆ మాటలో హక్కు లేనివాడు కూడా కనిపిస్తాడు. అప్పట్లో చెంగల్పట్టు ఊళ్ళలో బీడు భూమికి ఎవరు దరఖాస్తు పెట్టినా ముందు హక్కు మిరాసీదారుదే. అంటరానివారని దూరం పెట్టిన కూలీలకు సెంటు నేల దక్కడం గగనమయ్యేది. 1891లో అక్కడి కలెక్టరు ట్రెమెన్‌హీర్ తన నివేదికలో ఆ కష్టాన్ని రాశాడు. దళితులకు కేటాయించిన, ఇప్పుడు పంచమి భూములంటున్నవి 1892లో ఆ నివేదిక ఫలితంగానే వచ్చాయి. విశేషాధికారం అన్నప్పుడు ఆ కూలివాడు నాకు కనిపించడు.

తిరుపతి మిరాసీ సంగతి కూడా చెప్పాలి. ఆలయాల్లో వంశపారంపర్య హక్కులను ఆంధ్రప్రదేశ్ 1987 దేవాదాయ చట్టం రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2007లో ఆ చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాల హక్కును కొంతవరకు తిరిగి ఒప్పుకున్నారు. మాట మాత్రం అన్నాళ్ళూ మీ బంధువుల నోట నిలిచే ఉంది.

మీ ఇంటి యజమాని దగ్గర తాతగారి కాలపు దస్తావేజులు ఉంటే ‘సుదందరం’ అన్న మాట ఉందేమో చూడమనండి. దొరికితే ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి.