కోర్టు వదిలి డేటా రక్షణ ఉద్యోగంలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ వాసి
నమస్కారం. బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో కొన్నేళ్లుగా ఒప్పందాల దావాలు చూస్తున్న నాకు, ఔటర్ రింగ్ రోడ్డులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ డేటా రక్షణ విభాగంలో ఉద్యోగం ఇస్తామంటోంది. యూరప్ ఖాతాదారులు ఎక్కువ కనుక యూరప్ డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ పనే ప్రధానం, వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణకు 2023లో వచ్చిన మన డీపీడీపీ చట్టం పని కూడా పెరుగుతోందట. మున్ముందు ఈ విభాగానికి నాయకత్వం వహించాలంటే ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలో, ప్రాక్టీసు వదులుకోవడం సబబేనా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: పాత కౌన్సిల్
చట్టం చదవడం మీకు కొత్త కాదు, దాని గురించి బెంగ వద్దు. అసలు పనల్లా, వినియోగదారుడి ఫోన్ నంబరు ఏ డేటాబేసులో మొదలై, ఏ వెండారు చేతికి వెళ్లి, ఏ బ్యాకప్‌లో మిగిలిపోతోందో ఇంజనీర్ల పక్కన కూర్చుని రాసుకోవడమే. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పును అప్పజెప్పేవారు ఇంటర్వ్యూలకు చాలామంది వస్తారు, కంప్యూటర్ వ్యవస్థలో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఫైలులో ఏముంటుందని అడిగితే మాత్రం నోరు మెదపరు. డేటా లీకైతే నియంత్రణ సంస్థకు తెలపడానికి జీడీపీఆర్ 72 గంటలు ఇస్తుంది, సైబర్ ఘటనలు చూసే మన కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాలు 6 గంటలే ఇస్తాయి. ఎవరి డేటా పోయిందో అప్పుడు వెతకడం మొదలుపెట్టిన కంపెనీకి ఆ గడువు చాలదు. తగిన భద్రత పాటించకపోతే మన చట్టంలో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. ఆ అంకె చెబితే డైరెక్టర్ల బోర్డు వింటుంది కానీ, ఆ తరువాత వారు అడిగే ప్రతి ప్రశ్నకూ ఇంజనీర్ల దగ్గర రాసుకున్నదే ఆధారం.

జవాబు: జయనగర్ న్యాయవాది
బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం ప్రకారం పూర్తికాలపు జీతం తీసుకుంటున్నంతకాలం మీరు ప్రాక్టీసు చేయరాదు, చేరిన సంగతి మీ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేయాలి. ఉద్యోగం మానితే తిరిగి రావచ్చు. గోప్యతా నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏపీపీ ఇచ్చే సర్టిఫికెట్లు దరఖాస్తుల వడపోతలో పనికొస్తాయి, అంతకు మించి ఆశించకండి.

జవాబు: డీపీఓ
పై సలహాలు సరైనవే అయినా, నాయకత్వం అన్న మాటలో ఇక్కడ రెండు వేర్వేరు పదవులున్నాయి. ప్రైవసీ కౌన్సిల్, అంటే గోప్యతా విషయాల న్యాయ సలహాదారు, కంపెనీ పక్షాన నిలబడతారు. డీపీఓకు, అంటే డేటా రక్షణ అధికారికి, తన విధుల్లో ఎవరూ ఆదేశాలు ఇవ్వరాదని, ప్రయోజనాల సంఘర్షణ ఉండరాదని జీడీపీఆర్ 38వ అధికరణం చెబుతుంది. మన చట్టం 10వ సెక్షన్ ప్రకారం, ముఖ్యమైన డేటా ఫిడ్యూషియరీగా (వ్యక్తిగత డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే ముఖ్య సంస్థగా) కేంద్రం ప్రకటించిన సంస్థలో ఆ అధికారి భారతదేశంలోనే ఉండి, డైరెక్టర్ల బోర్డుకు జవాబుదారీ కావాలి. ఒకే మనిషికి రెండు బాధ్యతలూ అప్పగించి ఖర్చు తగ్గించుకోవాలని చూసే సంస్థలున్నాయి. ఆఫర్ లెటరులో మీరు ఎవరికి రిపోర్టు చేయాలో చూశాకే సంతకం చేయండి.

వైట్‌ఫీల్డ్ వాసి
అందరికీ ధన్యవాదాలు. లీగల్ హెడ్‌కు రిపోర్టు చేయాలని ఉంది, డీపీఓ ఊసే లేదు. ఆ పదవి ఎవరిదో రాతపూర్వకంగా అడుగుతాను.