సెర్చ్‌లోనే జవాబు దొరుకుతోంది, మా సైట్‌కి క్లిక్‌లు తగ్గాయి. ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. ఇక్కడికి వచ్చే యాత్రికుల కోసం తెలుగులో చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ సెర్చ్‌లో ఎలా ఉందో చూపే గూగుల్ టూల్) ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో మా సైట్ కనిపించిన సార్లు, మునుపటిలాగే ఉన్నాయి, క్లిక్‌లు మాత్రం బాగా పడిపోయాయి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

"కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం సోమవారం తెరిచి ఉంటుందా" లాంటి ప్రశ్నలకు సెలవని పైనే కనిపిస్తుంది, ఇక లింక్ నొక్కే పని లేదు. పిల్లలతో బొర్రా గుహలు, అరకు ఎలా తిరగాలో వివరంగా రాసిన పేజీలకు మాత్రం ఇంకా జనం వస్తున్నారు.

గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూలు, అంటే ఫలితాల పైన ఏఐ రాసి చూపే జవాబులు, ఇండియాలో 2024 ఆగస్టులో మొదలయ్యాయి. పేజీ కోడ్‌లో నోస్నిపెట్ ట్యాగ్ (పేజీలోని వాక్యాలు సెర్చ్‌లో చూపవద్దని చెప్పేది) పెడితే మన వాక్యాలు అందులోకి వెళ్లవు, కానీ మామూలు ఫలితంలో లింక్ కింద వచ్చే వివరణ కూడా పోతుంది. అది నాకు ఇష్టం లేదు. డేటా-నోస్నిపెట్ అనే ఇలాంటి మరో కోడ్‌తో పేజీలో కొంత భాగాన్నే దాచవచ్చు కదా, తెలుగు సైట్లలో ఎవరైనా వాడి చూశారా? క్లిక్‌లు పెరిగాయా, ఇంకా తగ్గాయా? లేక చిన్న జవాబుల పేజీలు వదిలేసి వివరమైనవే రాయడం మేలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.