సమస్య: పగ్గములు లేని చేతులే బండి నడిపె

నిర్వాహకుడు: పై పాదమే సమస్య, అది చివర వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి. ఈ వారం ఛందస్సు తేటగీతి, అంటే నాలుగు పాదాల పద్యం. సమస్య తట్టింది ఒక ఇంగ్లీషు జాతీయం వల్ల. ‘ఇన్ ద డ్రైవర్స్ సీట్’ అంటారు అమెరికాలో, బ్రిటన్‌లో అయితే ‘డ్రైవింగ్ సీట్’. పరిస్థితి తన అదుపులో ఉందని అర్థం. బేరంలో కొనేవాడిది పైచేయి అయితే అతను డ్రైవర్ సీట్లో ఉన్నట్టు. క్రికెట్ కామెంటరీలో రోజూ వినేదే, మన పేపర్లు దాన్నే ‘మ్యాచ్‌పై పట్టు బిగించింది’ అని రాస్తాయి.

మాటకు మాట తెలుగు చేస్తే మాత్రం ‘పాపం, డ్రైవరు ఉద్యోగం దొరికిందా’ అంటారు. మన దగ్గర యజమాని కూర్చునేది వెనక సీట్లో. కర్ణుడికి రథం తోలమంటే శల్యుడు భగ్గుమన్నది అందుకే. మద్రదేశపు రాజు, సూతపుత్రుడికి సారథా! చివరికి నోటికొచ్చింది అంటానన్న షరతు మీద ఒప్పుకుని, పగ్గాలు పట్టి రథం తోలుతూనే కర్ణుడి ధైర్యం దిగజార్చాడు. ఇక మీ మీ కలంపేర్లతో పూరించండి.

వేపచెట్టు:

వరము లడుగంగ దశరథ వసుమతీశు
నోటఁ బలుకైన రాకుండె నాటి రేయి
కైక మాట రాజ్యమునకుఁ గట్టడయ్యె
పగ్గములు లేని చేతులే బండి నడిపె

నిర్వాహకుడు: బాగుంది. రెండో పాదంలో ‘నోట–నాటి’ ప్రాసయతి, చెల్లుతుంది. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం జత కుదరడం యతి; ఇక్కడ వాటి బదులు పక్క అక్షరాలు ‘ట–టి’ కలిశాయి. ఆ వరాలు కైకకు దక్కింది యుద్ధంలో మూర్ఛపోయిన రాజును రణరంగం నుంచి తప్పించినందుకే కదా. ఆ ముక్క కూడా ఇమిడ్చి ఉంటే ‘బండి’కి ఇంకా బలం వచ్చేది.

తోకచుక్క: నాకో సందేహం. ‘పగ్గాలు చేపట్టడం’, ‘చక్రం తిప్పడం’ రెండూ ఈ ఇంగ్లీషు మాటకు సరిపోతాయా?

నిర్వాహకుడు: మొదటిది కొంతవరకే. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేయగానే ‘పగ్గాలు చేపట్టారు’ అంటాం, అదుపు వచ్చిందో లేదో తర్వాతి మాట. రెండోదానికి పదవే అక్కర్లేదు. ఏ కుర్చీలోనూ లేకుండా అన్నీ నడిపించేవాడి గురించే ఎక్కువగా ‘ఆయనే చక్రం తిప్పుతున్నాడు’ అంటాం. నా సమస్యలో ఉన్నది ఈ రెండో మనిషి.

తోకచుక్క: నేను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాను. ఆ నగరంలో 2024 జూన్ నుంచి వేమో టాక్సీ ఎవరైనా ఎక్కొచ్చు, డ్రైవరు ఉండడు. ఇదిగో:

సారథియె లేఁడు సీటులో చక్రమొకటి
తనకుఁ దానుగాఁ దిరుగుచుఁ దారి వట్టె
భయముగాఁ గూరుచుంటిని వెనుక సీట
పగ్గములు లేని చేతులే బండి నడిపె

వేపచెట్టు: విషయం కొత్తది. కానీ మూడో పాదంలో యతి తప్పింది. ‘భ’కు ‘వె’ కుదరదు, హల్లు సరిపోయినా అచ్చు సరిపోలేదు. పైగా సారథే లేడన్నాక ఈ చేతులు ఎవరివి?

తోకచుక్క: చేతులు ప్రోగ్రాం రాసినవాళ్లవి అనుకోండి! యతి దిద్దాను: ‘భయముగాఁ గూరుచుంటినిఁ బాపతోడ’. భయం నాకే, పాప నిద్రపోయింది.

నిర్వాహకుడు: సరిపోయింది. ఆ ప్రోగ్రాం వాళ్ల సంగతి పద్యంలోనే ఉంటే వేపచెట్టుగారు అడిగే పని ఉండేది కాదు.

గోదారి గట్టు: మా ఇంటి ముచ్చట.

తాత పేరనే పొలమంత తలుపు పలక
కొంగు ముడిలోనఁ దాళాలు కులుకు నవ్వ
కంటి సైగకె యిల్లంత కదలుచుండు
పగ్గములు లేని చేతులే బండి నడిపె

తోకచుక్క: నాకు నచ్చింది ఇదే. డ్రైవర్ సీట్లో తాత, బండి మాత్రం అవ్వది.

నిర్వాహకుడు: నాకూ. అయినా రెండు మాటలు. ‘కులుకు నవ్వ’ (కులుకును + అవ్వ) అంటే కులుకు నవ్వు అనుకునే ప్రమాదం ఉంది, ‘అవ్వ’ అని తట్టడానికి కాస్త ఆగాలి. రెండోది, కంటి సైగ అన్నాక సమస్యలోని ‘చేతులు’ గాలిలో మిగిలిపోయాయి. ఇలా మారిస్తే?

చేతి సైగకె యిల్లెల్ల సిద్ధపడును

గోదారి గట్టు: మార్చేశానండీ. నిజానికి అవ్వ చేత్తోనే సైగ చేసేది. ఆ చేతిలో ఎప్పుడూ తాటాకు విసనకర్ర ఉండేది, పాదంలో పట్టక వదిలేశాను.