మూడున్నరేళ్ల పాపకు కూరగాయలు అలవాటు చేయడమెట్లా?

ప్రశ్న (నల్లగొండ, ఒక తల్లి):
అందరికీ నమస్కారం. మా పాప పప్పన్నం, పెరుగన్నం తింటుంది కానీ, బీరకాయ గానీ పాలకూర గానీ కంట పడితే ఏరి పక్కన పెడుతుంది. సాయంత్రం బడి నుంచి రాగానే బిస్కెట్లు, చిప్స్ కావాలంటుంది. ఆ వేళకు కూరగాయలతో ఇష్టంగా తినేవి ఏం చేయవచ్చు? మిక్సీలో రుబ్బి, తెలియకుండా కలిపేయడం మంచిదేనా?

జవాబు (దేవరకొండ, ఒక నాయనమ్మ):
అమ్మా, మా మనుమడికి నేను సొరకాయ సర్వపిండి చేసి పెడతాను. బియ్యప్పిండిలో లేత సొరకాయ తురుము, నానిన పెసరపప్పు, నువ్వులు, సన్నగా తరిగిన కరివేపాకు, ఉప్పు వేసి, తురుములో ఊరిన నీళ్లతోనే చాలావరకు కలపాలి. పిల్లలకు పచ్చిమిరపకాయ వద్దు. పల్లీలు పలుకులుగా కాకుండా పొడి చేసి వేయాలి. గంజులో మందంగా ఒత్తేకంటే చిన్న చిన్న బిళ్లలుగా చల్లటి పెనం మీద పలుచగా ఒత్తి, చిల్లులు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చితే అంచులు కరకరలాడతాయి. పొయ్యి మీద పెట్టకముందే ఆ చిల్లులు పాప చేతనే పెట్టించండి. తన చేయి పడిన దానిని పిల్లలు కాదనరు.

జవాబు (మహబూబ్‌నగర్, అంగన్‌వాడీ టీచరు):
రుబ్బి కలపడం తప్పు కాదు, పాలకూర రుబ్బి జొన్నరొట్టె పిండిలో కలిపితే చక్కగా ఉంటుంది. అయితే ఎప్పుడూ అదే చేస్తే ఆ ఆకు రూపం, వాసన పాపకు ఎన్నటికీ తెలియవు కనుక, రొట్టె పక్కనే కొంచెం పాలకూర వేపుడు కూడా కనిపించేటట్టు పెట్టండి. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండిని అనుమానించడం సహజం. ఒకే కూరగాయను బలవంతం లేకుండా, కొద్దికొద్దిగా, 8 నుంచి 15 సార్లు ముందు పెడితే గానీ చాలామంది పిల్లలు నోట పెట్టరు. మూడోసారికే విసిగి మానేయకండి. "ఇది తింటే చాక్లెట్ ఇస్తాను" అని మాత్రం అనవద్దు, కూరగాయ శిక్ష అనీ చాక్లెట్ బహుమానమనీ వాళ్లకు మనమే నేర్పినట్టవుతుంది.

ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడు కావాలి. మీ ఊరి బత్తాయి తొనలు గింజలు తీసి పక్కన పెడితే చాలు. పచ్చి క్యారెట్ ముక్కలు, గుండు పల్లీలు ఈ వయసులో గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది. క్యారెట్‌ను మెత్తగా ఉడికించండి, లేదా తురమండి.

జవాబు (మిర్యాలగూడ, ఒక తండ్రి):
బడి నుంచి రాగానే పాలూ బిస్కెట్లూ ఇస్తే ఆకలి అక్కడే చచ్చిపోతుంది. రాత్రి భోజనానికి రెండు గంటల ముందే చిరుతిండి ముగించి, అదే తిండి మీరూ పక్కన కూర్చుని తినండి.

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ కృతజ్ఞతలు. నాయనమ్మగారూ, ఇంట్లో తీపి గుమ్మడికాయ ఉంది, సొరకాయకు బదులు వాడవచ్చునా?

దేవరకొండ నాయనమ్మ:
నిస్సందేహంగా వాడవచ్చునమ్మా. తీపి ఉంటుంది కాబట్టి త్వరగా మాడుతుంది, సెగ ఇంకా తగ్గించండి.