బ్రాడీపేట పాత బంగళా: కేఫ్‌కి అద్దెకివ్వాలా, బిల్డర్‌కివ్వాలా?

బ్రాడీపేట మనవడు: గుంటూరులో మా తాతగారి బంగళా, తెల్లదొరల కాలం నాటిది. ముందు వరండా, వెనక బావి. ఐదేళ్లుగా తాళం వేసే ఉంది. కేఫ్ పెడతామని ఒకరు అడుగుతున్నారు. బాబాయిలు డెవలప్‌మెంట్‌కి ఇద్దామంటున్నారు. మీరేమంటారు?

పట్టాభిపురం: బిల్డర్‌కివ్వండి. వాటాదారులకు తలా ఒక ఫ్లాట్ వస్తుంది. కేఫ్ వాళ్లు మూడేళ్లకు సర్దుకుపోతే, కారే మిద్దె మీకు మిగులుతుంది.

అరండల్‌పేట: పట్టాభిపురం గారి భయం నిజమే, నేను అనుభవించాను. మా ఇంటి ముందు భాగం ఒక బట్టల షాపుకిచ్చాం. గోడలు నున్నగా ఉండాలని పాత సున్నం గీకేసి సిమెంటు పూశారు. రెండో వానాకాలానికి రంగు పొక్కులు లేచింది, చేత్తో తడిమితే తెల్లటి ఉప్పు రాలింది. సున్నపు గోడ పీల్చిన చెమ్మను బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఆ గోడ చూసి మా అమ్మ ఏడ్చింది.

అయినా కేఫ్‌కే ఇవ్వండి అంటాను. తాళం వేసిన ఇల్లు ఇంకా తొందరగా పోతుంది. తూములో ఆకులు అడ్డుపడి మిద్దె మీద నీళ్లు నిలుస్తాయి, గోడలో రావి మొక్క మొలుస్తుంది, దూలానికి చెద పడుతుంది. రోజూ మనుషులు తిరిగే ఇంట్లో ఇవి మొదట్లోనే కంటపడతాయి. పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ల ఇళ్లు ఎన్నో ఇలా కేఫులుగా నడుస్తున్నాయి. మన బెజవాడలో 1887లో పునాది పడిన విక్టోరియా మ్యూజియం కూడా బాగుచేయించాక 2020లో బాపు మ్యూజియంగా తెరుచుకుంది. అది సర్కారు సొమ్ము, ఒప్పుకుంటాను. మనకు అద్దే ఆధారం.

మీ మిద్దె మద్రాసు టెర్రస్ పద్ధతిలో కట్టిందైతే, టేకు దంతెల (సన్న దూలాల) మీద సన్నిటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించి ఉంటారు. దాని మీద నీళ్ల ట్యాంకు పెట్టనివ్వకండి. ఏసీ కోసం దూలానికి బెజ్జం కొట్టనివ్వకండి. గోడలకు గానుగ సున్నమే వాడాలని, వంటగది పెరట్లో వేరే షెడ్డులో ఉండాలని అగ్రిమెంటులో రాయించండి. మేము ఇవేవీ రాయించుకోలేదు.

పట్టాభిపురం: బాబాయిల వాటా సంగతేంటండీ?

అరండల్‌పేట: అద్దె వాటాల ప్రకారం పంచండి, మరమ్మతులకు కొంత పక్కన పెట్టాకే. వాళ్లకు అత్యవసరంగా డబ్బు కావాలంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

బ్రాడీపేట మనవడు: ఆదివారం బాబాయిలను తీసుకుని మిద్దె ఎక్కుతానండీ. ముందు తూము శుభ్రం చేయిస్తాను.