పెళ్ళి డీవీడీలు, సినిమా వీసీడీలు ఫైళ్ళుగా మార్చేటప్పుడు గీతలు, సాగిన ముఖాలు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న (విజయవాడ, సత్యనారాయణపురం)

నమస్కారం. మా నాన్నగారు బీసెంట్ రోడ్డులో ఏళ్ళ తరబడి కొన్న సినిమా వీసీడీలు, డీవీడీలు, వాటితో పాటు 2006లో జరిగిన మా అక్కయ్య పెళ్ళి డీవీడీలు మూడు బీరువాలో ఉన్నాయి. పెళ్ళి డిస్కులను ముందుగా ఒక దుకాణంలో ఇచ్చాను. వారు పెన్‌డ్రైవులో ఇచ్చిన ఫైళ్ళలో అందరి ముఖాలూ అడ్డంగా సాగి ఉన్నాయి. తలంబ్రాల దగ్గర చేతులు కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళ వంటి గీతలు కనిపిస్తున్నాయి.

దానితో ఇంట్లోనే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రాం పెట్టుకుని ప్రయత్నించాను. పని త్వరగా అవుతుందని ఫిల్టర్లన్నీ ఆపేసి, కొలతను 1080కి పెంచి, బిట్‌రేటు (సెకనుకు వాడే కిలోబిట్లు) 6000 ఇచ్చాను. గంట నిడివికి 2.7 జీబీ ఫైలు వచ్చింది కానీ గీతలు పోలేదు, పైగా బొమ్మ మరింత మసకబారింది. రెండవ డిస్కు సగంలో ఉండగా కరెంటు పోయి, మిగిలిన ఎంపీ4 ఫైలు అసలు తెరుచుకోవడమే లేదు. ఏ అమరికలు సరైనవి? కొత్త కుదింపు పద్ధతి హెచ్.265 వాడితే మేలా? వీసీడీల సంగతి ఏమిటి?

జవాబు (గుంటూరు, బ్రాడీపేట)

గీతలకు మూలం మీ కంప్యూటరులో లేదండీ, పెళ్ళి తీసిన కెమెరాలో ఉంది. ఆ కాలపు వీడియో కెమెరాలు సెకనుకు 25 నిండు బొమ్మలు తీయక 50 సగం బొమ్మలు తీసేవి: ఒకసారి బేసి వరుసలు, సెకనులో యాభయ్యో వంతు తరువాత సరి వరుసలు. పాత ట్యూబు టీవీ వాటిని ఒకదాని వెంట ఒకటిగా చూపేది కనుక తేడా తెలిసేది కాదు. కంప్యూటరు రెండు సగాలనూ ఒకేసారి కలిపి చూపేసరికి, ఆ మధ్యలో చెయ్యి కదిలిన దూరమంతా దువ్వెన పళ్ళుగా బయటపడుతుంది. గీతలు తీయకుండా కొలత పెంచితే ఆ పళ్ళే సాగి బొమ్మలో కలిసిపోతాయి. ఆ తరువాత ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. మీకు మసక వచ్చింది అందుకే.

కాబట్టి ఫిల్టర్లలో ఈ సగాలను విడదీసే డీఇంటర్లేసును తెరిచి, అందులో బాబ్ అనే రకాన్ని ఎంచుకోండి. అది ఒక్కో సగం నుంచి ఒక్కో నిండు బొమ్మను తయారు చేసి సెకనుకు 50 బొమ్మలు ఇస్తుంది. తలంబ్రాలు, బారాత్ నృత్యాల వంటి కదలికలు అప్పుడే సాఫీగా కనిపిస్తాయి. కదలిక ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్లు కనిపిస్తే సగాల వరుస తారుమారైందని అర్థం. డీవీ (డిజిటల్ టేపు) కెమెరాలు కింది సగాన్ని ముందు పంపుతాయి కనుక ఈ పొరపాటు పెళ్ళి డిస్కులలో తరచుగా ఉంటుంది.

ముఖాలు సాగడం వేరే విషయం. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో రాసిన డీవీడీలో బొమ్మ 720×576గా నిల్వ ఉన్నా, దాని చుక్కలు చతురస్రాలు కావు. 4:3 బొమ్మను 768×576 కొలతలోనే చూడాలి. దుకాణంవారు దాన్ని వెడల్పు తెరకు లాగి నింపి ఉంటారు. మీరు కొలతల పేజీలో, చుక్కల ఆకారాన్ని చూసుకునే అనామార్ఫిక్‌ను ఆటోమేటిక్‌లో ఉంచి, 1080 జోలికి వెళ్ళకండి. డిస్కులో 576 వరుసలే ఉన్నప్పుడు మిగిలినవి ఎక్కడి నుంచి వస్తాయి?

బిట్‌రేటు కూడా మనం చెప్పవలసిన పని లేదు. స్థిర నాణ్యత పద్ధతిలో ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) 20 ఇవ్వండి. ఈ కొలత బొమ్మకు 18 నుంచి 22 వరకు మంచిదే, అంకె తగ్గే కొద్దీ నాణ్యతా ఫైలు బరువూ రెండూ పెరుగుతాయి. కదలని పందిరికి తక్కువ, కదిలే జనానికి ఎక్కువ చోటును అదే పంచుకుంటుంది.

అన్నింటికంటే ముందు చేయవలసినది ఒకటుంది. డిస్కు నుంచి నేరుగా మార్చవద్దు. డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డరును మొత్తంగా హార్డుడిస్కులోకి కాపీ చేసి, హ్యాండ్‌బ్రేకుకు ఆ ఫోల్డరునే చూపించండి. అందులో బొమ్మా ధ్వనీ ఉండే విడివిడి వీవోబీ ఫైళ్ళు ఒక్కొక్కటీ 1 జీబీ దాటవు కనుక ఒకే పెళ్ళి నాలుగైదు ముక్కలుగా ఉంటుంది. వాటి వరుస ఐఎఫ్‌వో ఫైలుకే తెలుసు. ఆ అసలు కాపీని తరువాత కూడా చెరపకండి. ఒక పొర డిస్కుకు 4.7 జీబీ, రెండు పొరల దానికి 8.5 జీబీ మించదు. ఈనాటి హార్డుడిస్కుకు అది లెక్కలోది కాదు.

జవాబు (విజయవాడ, పటమట)

పై సభ్యులు చెప్పినదానికి నాలుగు మాటలు చేరుస్తాను. ఎంపీ4 ఫైలుకు విషయసూచిక సాధారణంగా చివర రాస్తారు. మధ్యలో కరెంటు పోతే ఆ సూచిక లేక ఫైలంతా వృథా అవుతుంది. ఎంకేవీ అనే మరో రకం ఫైలుగా దాస్తే ఆగిన చోటు వరకు చూడవచ్చు. మన ఎండాకాలంలో మేడ మీద గదిలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది; నేను రాత్రి భోజనం అయ్యాక మొదలుపెట్టి పడుకుంటాను.

హెచ్.265 విషయంలో నా సలహా వద్దనే. ఇంత చిన్న బొమ్మకు మిగిలే చోటు స్వల్పం, పాత టీవీలలో కొన్ని దాన్ని తెరవవు. దానికి ముందుతరం హెచ్.264, స్లో ప్రీసెట్ (నెమ్మదిగా కుదించే అమరిక) చాలు.

సినిమా డీవీడీలకు బాబ్ వాడకండి. మన సినిమా డిస్కులు చాలావరకు 720×480 ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి)వి. ఫిల్ముపై సెకనుకు 24గా ఉన్న బొమ్మలను 29.97కు సరిపెట్టడానికి కొన్ని సగాలను రెండుసార్లు వాడి ఉంటారు. వాటికి డీటెలిసిన్ అనే ఫిల్టరు వాడాలి. ఇక తాళం వేసిన డిస్కులను హ్యాండ్‌బ్రేక్ తెరవదు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళాన్ని తప్పించడాన్ని కాపీరైటు చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షను నేరంగా చెబుతుంది కనుక ఆ దారి నేను చెప్పను.

వీసీడీలను మాత్రం మళ్ళీ కుదించకండి. అవి ఎంపెగ్-1లో 352 చుక్కల వెడల్పుతో, సెకనుకు 1150 కిలోబిట్లతో అప్పటికే నలిగిపోయి ఉన్నాయి. ధ్వనితో కలిపి గంటకు 620 ఎంబీ లోపే. ఎంపెగ్‌ఏవీ ఫోల్డరులోని డాట్ ఫైలును ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రాంలో, మళ్ళీ కుదించని కోడెక్ కాపీ పద్ధతితో ఎంపీజీ పెట్టెలోకి మార్చితే నిమిషంలో అయిపోతుంది, నాణ్యత ఒక్క చుక్క కూడా తగ్గదు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండీ. మీరు చెప్పిన అమరికలతో మొదటి రెండు డిస్కులూ చక్కగా వచ్చాయి. అక్కయ్య ముఖం అక్కయ్య ముఖంలాగే ఉంది. మూడవ డిస్కు మాత్రం చివరి పది నిమిషాల దగ్గర కాపీ ఆగిపోతోంది. అప్పగింతలు అక్కడే ఉన్నాయి.

జవాబు (గుంటూరు, బ్రాడీపేట)

డిస్కును లోపలి నుంచి బయటి అంచు వైపు చదువుతారు కనుక చివరి నిమిషాలు అంచున ఉంటాయి, మన వేళ్ళు తగిలేదీ అక్కడే. మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తుడవవద్దు. అప్పటికీ ఆగితే, పాడైన డిస్కుల నుంచి సమాచారం తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ప్రయత్నించండి. అది చదవగలిగినదంతా ముందు తీసి, చదవలేని చోట్లను ఒక మ్యాపు ఫైలులో రాసుకుంటుంది. అదే మ్యాపుతో వేరే డ్రైవులో మళ్ళీ నడిపితే మిగిలిన ఖాళీల కోసమే వెతుకుతుంది. దుకాణంలో రాసిన డిస్కులను ఒక డ్రైవు నిరాకరించి మరొకటి చదవడం నేను చాలాసార్లు చూశాను.

ప్రశ్న వేసినవారు

పక్కింటివారి పాత కంప్యూటరులోని డ్రైవు చదివింది. అప్పగింతల దగ్గర రెండు సెకన్లపాటు బొమ్మ గడులు గడులుగా విడిపోతోంది కానీ ధ్వని పూర్తిగా ఉంది. నాన్నగారు దాన్ని అలాగే ఉంచమన్నారు. వీసీడీల పని రేపు రాత్రి మొదలుపెడతాను.